మంత్రిగారి తలనొప్పికి పీఏగారి సూదులు

"ఈ రోజు నుంచి మన ప్రజల్లో ఒక్కరికి కూడా తలనొప్పి పుట్టదు. ఇది నా హామీ!"

ఆరోగ్యశాఖ మంత్రిగారు ఈ మాట అనగానే మైకు కీచుమంది. మైకు నాది కాబట్టి చెబుతున్నాను, లోపం దానిది కాదు. ఆ మాట బరువు అలాంటిది.

సభ జరిగింది ప్రభుత్వాసుపత్రి ఆవరణలో. ఆసుపత్రి వెనకవైపు ఒక చిన్న గది ఉంది. కిటికీకి నల్ల కర్టెన్, రెండు మంచాలు. అందులో ఒక డాక్టరమ్మ మైగ్రేన్ ఉన్నవాళ్ళకి సన్నటి సూదులు పెడుతుంది. వేళకి తినమంటుంది, వేళకి పడుకోమంటుంది, నొప్పి మొదలైతే చీకట్లో తడిగుడ్డ వేసుకుని పడుకోమంటుంది. "అందరికీ పనిచేస్తుందని చెప్పను, అవసరమైతే మాత్ర కూడా వేసుకోవాలి," అంటుంది. ఇంత నిజం చెప్పే మనిషి ప్రభుత్వోద్యోగంలో ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చిందో నాకు అర్థం కాదు.

మా అక్క అక్కడికి వారం వారం వెళ్ళేది. అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నొప్పి వస్తే సగం తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, వాంతులవుతాయి, కళ్ళు తెరుచుకోవు. మిషన్ ఆగిపోతుంది. మిషన్ ఆగితే ఇల్లు ఆగిపోతుంది. సూదులు మొదలుపెట్టాక నొప్పి రావడం సగానికి సగం తగ్గింది. ఈ సంగతి ఎలాగో మంత్రిగారి చెవిన పడింది. ఆ గదికి 'సహజ శిరోపశమన కేంద్రం' అని పేరు పెట్టి, రిబ్బను కత్తిరించడానికి ఆయనే స్వయంగా వచ్చారు.

నయమైన రోగిగా అక్కని ముందు వరసలో, సరిగ్గా నా స్పీకర్ బాక్సు పక్కన, ఎండకి ఎదురుగా కూర్చోబెట్టారు.

"ఒరే తమ్ముడూ, కాస్త సౌండు తగ్గించరా, నీకు పుణ్యముంటుంది," అంది అక్క నుదురు నొక్కుకుంటూ.

"తగ్గించావంటే మళ్ళీ మన మీటింగుకి రాకు," అన్నాడు మంత్రిగారి పీఏ. నేను ఇంకొంచెం పెంచాను.

తలనొప్పి లేని సమాజం గురించి మంత్రిగారు భోజనం వేళ దాటేదాకా మాట్లాడారు. మొహం మీద ఫోకస్ లైట్లు, చెవి పక్కన నా బాక్సులు. చివరికి "సోదర సోదరీమణులారా" అని, తల పట్టుకుని కూలబడ్డారు. కొత్త కేంద్రానికి మొదటి పేషెంటు మంత్రిగారే కావడం ఆయన చిత్తశుద్ధికి నిదర్శనం.

మోసుకెళ్ళి లోపల పడుకోబెట్టారు. వైరు చుట్టుకుంటూ నేను కూడా గుమ్మంలో నిలబడ్డాను. డాక్టరమ్మ లైట్లు ఆర్పించింది, మైకు ఆపించింది, పీఏని తప్ప అనుచరులందరినీ బయటికి పంపింది. తర్వాత సూది తీసింది.

"ఏమిటది?" అన్నారు మంత్రిగారు.

"సూదండీ."

"ఎవరికి?"

"మీకేనండీ."

"నాకా!" ఆయన గోడ వైపు జరిగిపోయారు.

పీఏ ముందుకొచ్చాడు. మంత్రిగారి పనులన్నీ ఆయన తరఫున చేసేది ఈయనే. చావింటికి వెళ్ళి ఏడ్చేది ఈయన. నిరాహార దీక్షలో కడుపు మాడ్చుకునేది ఈయన, నిమ్మరసం తాగడానికి మాత్రం మంత్రిగారు వస్తారు.

"సార్ తరఫున నాకు పెట్టండి డాక్టర్ గారూ."

"నొప్పి ఆయనకి కదండీ?"

"ఇన్నేళ్ళుగా అన్నీ నేనే చేస్తున్నాను. ఎప్పుడైనా తేడా వచ్చిందా?"

డాక్టరమ్మ ఎంత చెప్పినా పీఏ వినలేదు. చివరికి విసిగి పెట్టేసింది. పీఏ నుదుట సూదులతో కుర్చీలో కూర్చున్నాడు. మంత్రిగారు ఆ చీకట్లో, ఆ నిశ్శబ్దంలో హాయిగా గురకపెట్టారు. లేచేసరికి నొప్పి మాయం.

"అద్భుతం!" అన్నారు.

"చీకట్లో నిద్రపోయారు కదండీ, అందుకే తగ్గింది," అంది డాక్టరమ్మ.

"మీకు వినయం ఎక్కువమ్మా. సూదుల వల్లే తగ్గింది."

మర్నాడే ఉత్తర్వులొచ్చాయి. ఊరికొక ప్రతినిధి ఉంటాడు. రోగులందరి తరఫున అతనొక్కడే సూదులు వేయించుకుంటాడు. అంత బాధ్యత రోగులు మోయలేరు కాబట్టి ప్రతినిధి ఆరోగ్యవంతుడై ఉండాలి. మా ఊరికి పార్టీ కార్యదర్శిని నియమించారు. పుట్టి బుద్ధెరిగాక తలనొప్పి అంటే ఏమిటో తెలియని మనిషి. ఇంతకన్నా అర్హుడు దొరకడు.

బడులు తెరిచే ముందు, చేతినిండా పని ఉన్నప్పుడు అక్కకి మళ్ళీ నొప్పి మొదలైంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వరండాలో ఒక అధికారి మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"మీకు లోపల చికిత్స జరుగుతోందమ్మా."

"నేనిక్కడే ఉన్నాను కదండీ?"

"మీరు రానక్కర్లేదు కూడా. ఇంట్లో ఉన్నా జరిగిపోతుంది."

లోపల, అక్క పడుకునే మంచం మీంచి కార్యదర్శి గురక వినిపిస్తోంది. ఇంతలో ఫలితాలు కళ్ళారా చూడడానికి మంత్రిగారు ఫొటోగ్రాఫర్లతో సహా వచ్చారు. అధికారి వంగి అక్క చెవిలో అన్నాడు. "తగ్గలేదంటే సూదులు సరిగ్గా పెట్టలేదని లెక్క. డాక్టరమ్మని తీసేసి గది మూసేస్తాం. ఆలోచించుకుని చెప్పండి."

కార్యదర్శి ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చాడు. మంత్రిగారు అక్క ముందు నిలబడి, "ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని అడిగారు.

అక్క తలెత్తి గుమ్మంలో ఉన్న డాక్టరమ్మని చూసింది. అబద్ధం చెప్పొద్దన్నట్టు డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"తగ్గిపోయిందండీ," అంది అక్క. "పూర్తిగా."

చప్పట్లు మోగాయి. ఫ్లాష్ లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. అక్క గట్టిగా కళ్ళు మూసుకుంది. వాళ్ళంతా వెళ్ళాక గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. కళ్ళు తెరవలేక నా భుజం పట్టుకునే ఇంటిదాకా నడిచింది.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలోనే అక్క ఫొటో వేశారు. ఫొటో కింద, "ఉపశమనం కలిగిన ఆనందంలో మైమరచి కళ్ళు మూసుకున్న మహిళ" అని రాశారు.