కెమెరా ముందు కదలని ఇసబెల్లా

ప్రాచీన కళాచరిత్ర చదవాలనుకుంటున్నారా? అయితే దయచేసి ఏ గుహ దగ్గరికీ వెళ్ళకండి. ఏ శిల్పాన్నీ కళ్ళారా చూడకండి. అలా చూసి చెడిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంట్లో స్టూలు మీద కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, ఆన్‌లైన్‌లో చదవండి. మనిషి నిప్పు కనిపెట్టాక అంతటి మేలు మళ్ళీ ఇప్పుడే జరిగింది!

నమ్మకం కుదరడం లేదా? కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, కోరమండల్ లైన్లలో, అంటే గని కార్మికులకు వరసగా కట్టిన ఒంటిగది ఇళ్ళలో, ఉండే ఇసబెల్లా సంగతి వినండి.

ఇసబెల్లా రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. ఒకప్పుడు ఆమె దగ్గర బొమ్మలు దిద్దిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి అదే బడిలో చేరుస్తున్నారు. అన్నాళ్ళూ ఆమె చేతిలో పనితనం ఉంటే సరిపోయింది. పోయిన వేసవిలో మేనేజ్‌మెంట్‌కు హఠాత్తుగా జ్ఞానోదయమైంది. కళలో సర్టిఫికెట్ లేనివాళ్ళు జూన్ నుంచి బడికి రానక్కర్లేదని చెప్పేశారు. ఇన్నేళ్ళుగా మామిడిపండు గీయిస్తున్న మనిషికి మామిడిపండు గీయడం వచ్చునని కాగితం కావాలి. న్యాయమే కదా? కాగితం లేని మామిడిపండును మాత్రం ఎవరు నమ్ముతారు?

ఇంట్లో ఉండేది ఇద్దరే. ఇసబెల్లా, ఆమె మామ ఏసురత్నం. ఆయన గనులు మూతపడేదాకా భూమి కింద పనిచేసినవాడు. కొడుకు పోయాక ఆ ఇంటికి కోడలి జీతమే ఆధారం. ఉద్యోగం పోతే పొయ్యి వెలగదు. అందుకని ఇసబెల్లా బెంగళూరులో ఏదో కాలేజీ వాళ్ళు నడిపే ఆన్‌లైన్ కోర్సులో చేరింది. పేరు ‘ఆదిమ కళ: ఒక పరిచయం’.

ఆ కోర్సులో ఉన్న సౌకర్యాలు చెప్పమంటారా? రాతియుగం సోమవారం కుక్కర్ పెట్టినప్పుడు మొదలై, మూడో విజిల్‌కు ముగిసిపోయింది. మెసపొటేమియా అంట్లు తోమేలోపు అయిపోయింది. వీడియో వేగం పెంచుకునే మీట ఒకటుంది. అది నొక్కితే వేల ఏళ్ళు పరుగెత్తుకుంటూ వెళ్ళిపోతాయి. ఏ చక్రవర్తికైనా ఇంతటి అధికారం ఉండేదా?

నెట్ సరిగా రానిరోజు అడవిదున్న బొమ్మ చిన్నచిన్న చదరాలుగా విడిపోయేది. అందులో కొమ్ము ఏదో తోక ఏదో తెలిసేది కాదు. సరిగ్గా అప్పుడే లెక్చరర్ గారు, “ఈ సన్నని గీతలోని లాలిత్యం గమనించండి” అనేవారు. ఇసబెల్లా గమనించేది. లేని గీతలో లాలిత్యం చూడటం కంటే గొప్ప కళాశిక్షణ ఏముంటుంది? చర్చావేదికలో తోటి విద్యార్థి రాసినదానికి “చాలా మంచి పాయింట్” అని రాస్తే అర మార్కు కూడా ఇచ్చేవారు. దగ్గరలోని ప్రాచీన స్థలాన్ని దర్శించమని ఒక పాఠం చివర ఉంది. దర్శించాను అనే బొత్తం దాని కిందే ఉంది. ఇసబెల్లా కూరలో ఉప్పు వేసి, బొత్తం నొక్కి, దర్శనం చేసుకొచ్చింది.

ఒక్క పాఠం మాత్రం స్పష్టంగా వచ్చింది. గుహ గోడకు అరచెయ్యి ఆనించి, చుట్టూ నోటితో ఎర్రమట్టి రంగు ఊదిన గుర్తులు. వాటిలో కొన్నింటికి వేళ్ళు లేవు. ఎందుకు లేవో పండితులు ఇంకా తేల్చలేదట. మంచం మీద నుంచి ఏసురత్నం మెడ చాపి చూశాడు. ఆయన కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి.

“పాపం, ఈయప్పకీ పోయినాయి. ఏ షిఫ్టులో ఉన్నింటాడు?” అన్నాడు.

“ఇరవై వేల ఏండ్ల కిందటి మాట మామా. అప్పుడు షిఫ్టులు యాడివి?”

“ఇంగ షిఫ్టు లేకుండా అంత లోపలికి ఎవురు పోతారమ్మా?”

ఇసబెల్లా పాఠం వైపు తిరిగింది. ఇక్కడ ఒక మనిషి ఉన్నాడనడానికి ఈ చెయ్యే తిరుగులేని సాక్ష్యం అని లెక్చరర్ గారు చెబుతున్నారు. ఆ మాట ఆమె శ్రద్ధగా రాసుకుంది.

ఇక పరీక్ష. ఆన్‌లైన్ పరీక్షకు ఇన్విజిలేటర్ ఉండడు. వాడికి నిద్రొస్తుంది, టీ తాగాలనిపిస్తుంది, జాలి కలుగుతుంది. వాడి స్థానంలో ఒక సాఫ్ట్‌వేర్ కెమెరాలోంచి చూస్తూ ఉంటుంది. గదిలో మరో మనిషి ఉండకూడదు, తలుపులు మూసి ఉండాలి. లైన్ ఇంటికి ఉన్నది ఒకే గది. ఏసురత్నం పక్కింటి గురువమ్మ గుమ్మంలో కూర్చుంటానన్నాడు కానీ, ఆ మధ్యాహ్నం వాన దంచికొట్టింది. చివరికి దండెం మీద చీర అడ్డం వేసి, దాని వెనక మంచం మీద ఆయన్ని కూర్చోబెట్టింది. ఊపిరి కూడా మెల్లగా తీసుకోమని చెప్పింది.

సగం జవాబులు అయ్యాయో లేదో, కరెంటు పోయింది. గది చీకటైంది. బ్యాటరీ మీదికి మారిన లాప్‌టాప్ స్క్రీన్ కూడా నల్లబడింది. కెమెరా పక్కన చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. గనిలో నెత్తిమీది దీపం ఆరిపోతే అడుగు తీసి అడుగు వేయకూడదు. ముందు ఏ గుంత ఉందో తెలియదు. ఎక్కడివాడు అక్కడే కూర్చుని, ఇంకో దీపం వచ్చేదాకా ఆగాలి. లైన్లలో పుట్టిన పిల్లలకు అక్షరాల కంటే ముందు ఇది నేర్పుతారు. కరెంటు పోతే లోకమంతా లేచి అగ్గిపెట్టె వెతుకుతుంది. కోరమండల్ మాత్రం కూర్చుంటుంది. గనులు మూసి ఇన్నేళ్ళయినా అంతే.

“కదలద్దమ్మా. యాడుండావో ఆడే ఉండు” అన్నాడు ఏసురత్నం మెల్లగా. అంటూ, ఆగమన్నట్టు చీర పక్కనుంచి అరచెయ్యి బయటికి చాపాడు.

ఇసబెల్లా కదల్లేదు. ఆయనా చెయ్యి దించలేదు. వెంటిలేటర్‌లోంచి పడే కాస్త వెలుగులో ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

కరెంటు వచ్చేసరికి స్క్రీన్ మీద తీర్పు సిద్ధంగా ఉంది. పరీక్ష రద్దు. మొదటి ఆరోపణ: కెమెరా ముందున్నది మనిషి కాదు, మనిషి ఫొటో. రెండో ఆరోపణ: పాఠంలోని హస్తముద్ర బొమ్మను గోడకు అంటించుకుని కాపీ కొట్టడం.

ఇసబెల్లా భయపడింది, నిజంగా భయపడింది. జూన్ దగ్గరపడుతోంది. అప్పీలుకు దరఖాస్తు చేస్తే, తాను ఫొటో కానని నిరూపించుకోవడానికి ముందుగా ఒక ఫొటో పంపమన్నారు! పంపింది. ఆ తర్వాత వీడియోలో విచారణ. విచారణాధికారి రామాంజినప్ప అదృష్టంకొద్దీ ఆ పక్కనున్న ముళబాగిలు మనిషి.

“మీరు బతికే ఉండారని ఒప్పుకుంటాను మేడం” అన్నాడాయన ఉదారంగా. “ఈ బొమ్మ సంగతేమి?”

“అది బొమ్మ కాదు సార్. మా మామ చెయ్యి.”

ఏసురత్నం చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని అప్పటికే పక్కన నిలబడి ఉన్నాడు. చెయ్యి తీసి కెమెరా ముందు పెట్టాడు. రామాంజినప్ప పరీక్షలో పట్టుబడ్డ బొమ్మను పక్కన పెట్టి పోల్చి చూశాడు. గదిలో రెండో మనిషి ఉండటం తప్పే, కానీ ఒక్క గది ఇంట్లో వానలో ఆయన్ని యాడికి పంపేది అని తనలో తానే అనుకున్నాడు. తర్వాత నివేదిక నింపసాగాడు. కళాచరిత్ర కాలేజీ కదా, ప్రతి చిత్రానికీ చోటు, కాలం రాయకపోతే కంప్యూటర్ ముందుకు కదలదు.

“కాలం ఏమని రాసేది?” అని గొణుక్కున్నాడు.

తననే అడిగాడనుకున్నాడు ఏసురత్నం. “ఎనభై రెండు సార్. సెకండ్ షిఫ్టు. బండ జారింది.”

“యాడ?”

“కిందనే సార్. గేటుకి బీగం ఏసినారు, లేకుంటే తీసకపోయి చూపిస్తును.”

అప్పీలు నెగ్గింది. ఇసబెల్లా మళ్ళీ పరీక్ష రాసింది. ఈసారి ఏసురత్నం గురువమ్మ ఇంట్లో ఉన్నాడు. ఇసబెల్లా ముక్కు గోక్కుంటూ, మెడ తిప్పుకుంటూ, బతికున్న ఆనవాళ్ళన్నీ చూపిస్తూ రాసింది. అభ్యర్థి అనుమానాస్పదంగా కదులుతున్నారని సాఫ్ట్‌వేర్ ఒకసారి హెచ్చరించింది కూడా. పాసైంది. బడిలో గుమాస్తా ఆ సర్టిఫికెట్‌ను చదవకుండానే రంధ్రాలు పొడిచి ఫైల్లో పెట్టాడు. జూన్‌లో ఆమె మళ్ళీ బోర్డు మీద మామిడిపండు గీసింది. పండు ముందటిలాగే వచ్చింది.

ఇప్పుడు ఆ ఇంట్లో గోడమీద వేలాడేది సర్టిఫికెట్ కాదు. విచారణ నివేదికను ఏసురత్నం ఆండర్సన్‌పేటకు ఆటోలో తీసుకెళ్ళి, లామినేషన్ చేయించి, మంచం పైన మేకు కొట్టి తగిలించుకున్నాడు. వచ్చినవాళ్ళందరి చేతా చదివిస్తున్నాడు. ‘చెయ్యి అసలైనదే. చోటు: కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, భూమి కింద. కాలం: 1982, సెకండ్ షిఫ్ట్.’

గని మూసిన రోజు ఆయన దీపం, టోపీ అప్పగించి ఇంటికొచ్చాడు. అక్కడ పనిచేసినట్టు ఆయన దగ్గర మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే. దాన్ని చూసి అందరూ అయ్యో అన్నారు. ఎక్కడిది, ఎప్పటిది అని ఇన్నేళ్ళలో ఒక్కరూ రాసిపెట్టలేదు.

కాబట్టి పాఠకులారా, ఆన్‌లైన్‌లోనే చదవండి. గుహలోని చెయ్యిని చూడగానే లోకం నమ్మేసింది. మన ఏసురత్నం చెయ్యిని నమ్మాలంటే, ముందు ఎవరో ఒకరు దాన్ని దొంగ బొమ్మ అనుకోవాలి కదా!