సోమవారం ప్రశ్నలు

నర్సీపట్నం ఊపిరితిత్తులకు అరుదైన గౌరవం దక్కింది. పాత ఆయాసానికి కొత్త మందు పరీక్షించడానికి, ఇంతవరకూ మంచి వైద్యమే ఎరగని రోగులు కావాలని ఒక కంపెనీ వెతుక్కుంటూ వచ్చింది. అటువంటివాళ్ళను ఇన్నేళ్ళూ భద్రంగా కాపాడుకొచ్చిన ఘనత మన ఊరిదేనని డాక్టరుగారు ప్రారంభసభలో కొనియాడారు. రోగులు చప్పట్లు కొట్టి, దగ్గారు.

ఎంపికైనవాళ్ళలో రిటైరైన మిషన్ స్కూలు మేస్టారు జాన్ బాబు ఒకరు. ముప్పై ఏళ్ళు బీడీ పొగనూ సుద్దపొడినీ పక్షపాతం లేకుండా పీల్చిన మనిషి. పక్కింటి జోగులమ్మ నలభై ఏళ్ళుగా నిప్పు నోట్లోపెట్టి అడ్డచుట్ట కాలుస్తోంది. ఆమెకూ అర్హత లభించింది.

పీల్చడానికి సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పంచదార పొడి. ఎవరిది ఏదో చెప్పరు, అది శాస్త్రం. ప్రతి సోమవారం కంపెనీ నర్సు షైని ఇంటికొచ్చి, కాయితం చూసి ఎనిమిది ప్రశ్నలు అడుగుతుంది. రాత్రి నిద్ర పట్టిందా? స్నానం చేస్తే ఆయాసం వచ్చిందా? పోయిన వారం కంటే నయమేనా?

భార్య రత్నమణి పోయిన ఆరేళ్ళలో మేస్టారిని ఎవరూ ఇవి అడగలేదు. అందుచేత గుమ్మం దాటని మనిషి సోమవారం పొద్దున్నే గడ్డం గీసుకుని, గది ఊడ్చి, బస్టాండు దాకా ఎదురెళ్ళసాగారు.

"ఏటి మేస్టారూ, పెళ్ళిసూపులేటి?" అంది జోగులమ్మ.

తను మాత్రం, ఆ పిల్ల ముందు కంపు కొడితే బాగోదని, మొదట ఆదివారం చుట్ట మానేసింది. తరవాత శనివారం. ఆపైన అలవాటు తప్పిపోయింది.

ఆరు నెలలకు ఫలితాలొచ్చాయి. అసలు మందు పీల్చిన జోగులమ్మా, పంచదార పీల్చిన మేస్టారూ సరిసమానంగా బాగుపడ్డారు. తక్కినవాళ్ళూ అంతే. కంపెనీ దిగ్భ్రాంతి చెందింది.

"రోగులు తగిన కారణం లేకుండా కోలుకోవడం విచారకరం," అన్నారు డాక్టరుగారు ముగింపుసభలో. ఇటువంటి పొరపాటు పునరావృతం కాకుండా, ఇకమీదట ప్రశ్నలను రికార్డు చేసిన గొంతుతో ఫోనులో అడిగిస్తారని హామీ ఇచ్చారు.

మందు డబ్బాలు వెనక్కి తీసుకోవడానికి షైని ఆఖరిసారి వచ్చింది.

"డబ్బా పట్టుకుపోమ్మా. ఆ ప్రశ్నల కాయితం ఉంచేద్దూ," అన్నారు మేస్టారు.

"కాయితం కంపెనీదండీ."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. సంచి మూసే ఉంది, చేతిలో కలం లేదు.

"రాత్రి నిద్ర పట్టిందాండీ?"

ఆ జవాబు ఏ రికార్డులోనూ లేదు.

తరవాతి సోమవారం మేస్టారు గడ్డం గీసుకోలేదు. జోగులమ్మ చుట్ట వెలిగించింది. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒక్క గోడే. ఇద్దరికీ పనిచేసిన ఆ మందు ఇప్పుడు ఏ షాపులోనూ దొరకడం లేదు. తయారీకి కావలసిన ముడిసరుకు మాత్రం మన ఊళ్ళో ఇంటింటా ఉందనీ, ఎవరూ వాడని కారణంగా చెక్కుచెదరలేదనీ విశ్వసనీయ సమాచారం.