బీరువాలాయన బండికి కొత్త గొంతు

మన పికప్ యజమానుల సంక్షేమ సంఘం నియమించిన సైలెన్సర్ ఎంపిక ఉపసంఘం తన కర్తవ్యాన్ని జయప్రదంగా ముగించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంఘ కార్యదర్శిగా ఈ సంగతి వీధివాసులందరికీ తెలియపరచడం నా బాధ్యత. మధ్యలో ఒక ఇంజన్ పోయిన మాట నిజమే గానీ, ఎంపికలో మాత్రం ఎలాంటి లోపమూ జరగలేదు.

బీరువాలాయన్ని మీరందరూ ఎరుగుదురు. బీరువాలు, మంచాలు, నిలువుటద్దాలు కొట్టు నుంచి ఇళ్లకు చేర్చే మనిషి. ఆయనకున్నది ఒక పికప్, ఒక భార్య, చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు. ఆ బండి చక్రం తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. భార్య ముందు గదిలో మిషన్ వేసుకుని బట్టలు కుడుతుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. అద్దాలు చేరవేసే రోజున మాత్రం మిషన్ మూసేసి, బండిలో భర్త పక్కన కూర్చుని, అద్దం అంచు ఒళ్లో పెట్టుకుని పట్టుకుంటుంది.

టైలరమ్మకు ఒక చెడ్డ అలవాటుంది. వింటుంది. మిషన్ చప్పుడులో రవ్వంత తేడా వస్తే చాలు, సూది విరగబోతోందని ముందే చెప్పేస్తుంది. అదే చెవితో ఒకనాడు బండి ఇంజన్‌ను కూడా విన్నది.

"ఏవండీ, లోపల ఏదో టక్ టక్‌మని కొట్టుకుంటోంది. బండి ఆపిన చోటల్లా కింద ఆయిల్ మరక కూడా పడుతోంది. ఒకసారి మెకానిక్‌కి చూపించండి" అంది.

అదే వారంలో పాత సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. చేతిలో ఉన్న డబ్బు రెండింటిలో ఒకదానికే వస్తుంది. ఇంజన్ చూపించుకోవాలా, సైలెన్సర్ మార్చుకోవాలా అని ఆయనకు ధర్మసందేహం వచ్చింది. సందేహాలను సొంతంగా తీర్చుకునే దురలవాటు మన సభ్యులెవరికీ లేదు కనుక ఆయన నేరుగా సంఘం ఆఫీసుకు వచ్చాడు.

అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షులవారికి నాలుగు పికప్‌లున్నాయి. ఒక్కటి కూడా ఆయన నడపరు. అందుచేత బండ్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

"తమ్ముడూ, ఇంజన్ ఎక్కడుంటుంది? మూత కిందుంటుంది. ఎవరికి కనబడుతుంది? ఎవరికీ కనబడదు. సైలెన్సర్ సంగతి అలా కాదు. నువ్వింకా సందు మొదట్లో ఉండగానే నీ పరువు ఇంటికి చేరిపోతుంది. లోపల ఏం కొట్టుకుంటోందో ఎవడొచ్చి చూస్తాడు చెప్పు? పైగా మీ ఆవిడ చెప్పే టక్ టక్‌కి కూడా ఇదే మందు. మంచి సైలెన్సర్ పడ్డాక ఆ చప్పుడు మళ్లీ వినబడితే నన్నడుగు" అని అధ్యక్షులవారు సెలవిచ్చారు.

ఈ హామీని ఆయన కొంత ఆలస్యంగానైనా అక్షరాలా నిలబెట్టుకున్నారని ఇక్కడే మనవి చేస్తున్నాను.

ముగ్గురు సభ్యుల ఉపసంఘం, నేను, బీరువాలాయన కలిసి బస్సుల డిపో వెనకున్న సైలెన్సర్ల కొట్టుకు వెళ్లాం. ఆ కొట్టు యజమాని ముప్పయ్యేళ్లుగా ఇదే వ్యాపారంలో ఉన్నారు. ఆయనకు రెండు చెవులూ బొత్తిగా వినబడవు. కాబట్టి ఏ ఒక్క మోడల్ వైపూ ఆయన మొగ్గు చూపే ప్రసక్తే లేదు. అడగదలచుకున్నది పలక మీద రాసి చూపిస్తే ఆయన జవాబు కూడా పలక మీదే రాస్తారు. మోడళ్లు మూడు: గంభీరం, అతిగంభీరం, మహాగంభీరం.

పరీక్ష శాస్త్రీయంగా జరిగింది. బల్ల మీద ఒక గ్లాసుడు టీ పెట్టి, ఒక్కో గొట్టాన్నీ కొట్టులో ఉన్న ఇంజన్‌కు బిగించి మోగించారు. గంభీరానికి టీ కదిలింది. అతిగంభీరానికి గ్లాసే బల్ల మీద జరుగుతూ అంచుదాకా వెళ్లింది. మహాగంభీరం మోగినప్పుడు పక్క కొట్టు గోడకున్న మేకు ఊడి క్యాలెండర్ కింద పడింది. పక్క కొట్టాయన క్యాలెండర్ పట్టుకుని వచ్చి చేతులు ఊపుతూ చాలాసేపు ఏదో మాట్లాడాడు. ఒక్క ముక్క కూడా వినబడలేదు. నేను దాన్ని ప్రజాస్పందన కింద నమోదు చేశాను.

ఉపసంఘం మధ్యేమార్గం పాటించి అతిగంభీరాన్ని ఎంపిక చేసింది. ఆదివారం ఉదయం వీధి మొగలో రిబ్బన్ కత్తిరించారు. బండి ఇంజన్ మోగుతుండగానే అధ్యక్షులవారు అరగంట ప్రసంగించారు. పెదవుల కదలిక తప్ప మరేమీ తెలియలేదు. ఇన్నేళ్లలో ఆయన చేసిన ప్రసంగాలన్నింటిలోకీ అదే గొప్పదని అందరూ ఒప్పుకున్నారు. మీరు కూడా చప్పట్లు కొట్టారు. నేను చూశాను.

ఆపైన బీరువాలాయన దశ తిరిగింది. బండి సందులోకి రాగానే కుక్కలు అరుగుల కిందికి దూరేవి. బడిలో పంతులమ్మ పాఠం ఆపి బండి దాటిపోయే వరకూ చాక్‌పీసు పట్టుకుని ఓపిగ్గా నిలబడేది. అంతకుముందు ఆయన్ని ఒరేయ్ అన్నవాళ్లు కూడా గారు అనసాగారు, లేదా అంటున్నట్టు కనిపించసాగారు. ఒకరోజు ఇల్లు తప్పి ఒక బీరువాను వేరేవాళ్ల గుమ్మం ముందు దించాడు. ఆ ఇంటావిడ అది తమది కాదని ఎంతో మొత్తుకుంది. ఈయన నవ్వుతూ తలూపి, నలుగురి చేత మోయించి లోపల పెట్టించి వచ్చేశాడు. ఇప్పుడు ఆవిడ అందులో బట్టలు పెట్టుకుంటోంది. బాగుందని చెప్పింది కూడా.

ఆ రోజుల్లోనే స్టీరింగు వెనక ఒక చిన్న ఎర్ర దీపం వెలగడం మొదలుపెట్టింది. చూడ్డానికి నూనె డబ్బా ఆకారంలో ముచ్చటగా ఉంది. కొత్త సైలెన్సర్‌తో పాటు వచ్చిన అలంకారమని ఉపసంఘం అభిప్రాయపడింది.

టైలరమ్మ మాత్రం ఊరుకోలేదు. బండిలో నోటితో చెప్పి లాభం లేదని, ఒక గుడ్డముక్క మీద సుద్దతో రాసి భర్త చొక్కా జేబులో పెట్టింది. "పొద్దున బండి తీసేటప్పుడు టక్ టక్ ఇంకా వినబడుతోంది. అద్దం ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్లకు కూడా తెలుస్తోంది. మీకు దణ్ణం పెడతాను, మెకానిక్‌కి చూపించండి. పిల్లల చదువులు ఈ బండి మీదే ఉన్నాయి" అని ఉంది అందులో.

ఆయన ఆ గుడ్డముక్కను సంఘానికి సమర్పించాడు. రెండు గంటల చర్చ జరిగింది. టక్ టక్ ఇంకా వినబడుతోందంటే దానర్థం అతిగంభీరం చాలడం లేదనేనని ఏకగ్రీవంగా తేలింది. అధ్యక్షులవారు మాటకు కట్టుబడి, కొట్టాయనతో పలక మీద పోరాడి, దాని బదులు మహాగంభీరం ఇప్పించారు. గుడ్డముక్కను నేను అభినందన లేఖల ఫైలులో పెట్టాను. మన ఆఫీసులో ఉన్నది ఆ ఒక్క ఫైలే.

నిజంగానే ఆ తర్వాత టక్ టక్ ఎవరికీ వినబడలేదు.

పదకొండో రోజున వంతెన ఎక్కుతుండగా బండి ఆగింది. వెనక రెండు మంచాలున్నాయి. ముందు సీట్లో టైలరమ్మ నిలువుటద్దం పట్టుకుని కూర్చుంది. ఇంజన్ ఒక్కసారి గట్టిగా కుదిపి పట్టేసింది. అద్దానికి ఏమీ కాలేదు. కొన్ని వారాల తర్వాత మొదటిసారిగా ఆ బండిలో ఒక మనిషి గొంతు వినబడింది.

"ఇప్పుడు వినబడుతోందా అండీ?" అంది ఆమె.

బీరువాలాయన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. ఆమె అద్దం వదల్లేక కళ్లు తుడుచుకోవడం కూడా కుదరక అలాగే కూర్చుంది. బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కెళ్లారు. మెకానిక్ మూత తెరిచి, ఆయిల్ చుక్క లేదని, లోపల బేరింగులు కరిగిపోయాయని, ఇంజన్ ఇక పాత ఇనుమేనని చెప్పాడు.

"ఇది ఉన్నట్టుండి పోయేది కాదు. పాపం నెలరోజులైనా మొత్తుకుని ఉంటుంది. ఎవరూ వినలేదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న మన పరిధిలోకి రాదు.

సంఘం మూడు రోజులు విచారణ జరిపింది. సైలెన్సర్ మీద గీత కూడా పడలేదని, దాని పనితనం ఆద్యంతం ప్రశంసనీయమని నివేదిక ఇచ్చింది. ఇంజన్ పోవడానికి ఇంజనే కారణమని తేల్చింది. మహాగంభీరాన్ని ఊడదీయించి, రంగు వేయించి, ఆఫీసు గోడకు తగిలించాం. బీరువాలాయన ఇప్పుడు అద్దె రిక్షా మీద మంచాలు తోస్తున్నాడు. వస్తున్నట్టు తెలియదు, వెళ్లినట్టూ తెలియదు.

ఇల్లు గడిచేదిప్పుడు మిషన్ మీద. టైలరమ్మ తెల్లారి కూర్చుంటే భోజనానికి తప్ప లేవడం లేదు. ఇక్కడొక కొత్త సమస్య తలెత్తింది. బండి పోయాక వీధి సద్దుమణగడంతో, ఆ మిషన్ చప్పుడు అందరికీ వినబడసాగింది. టకటకమని పొద్దస్తమానం అదే పోరు. మనశ్శాంతి కరువైందని వీధివాసులు సంఘానికి అర్జీ పెట్టుకున్నారు. వెంటనే స్పందించాం. మిషన్ ఆపాలని నోటీసు తయారుచేసి నిన్న నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను.

ఆమె మిషన్ ఆపి, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఈ చప్పుడు మీ అందరికీ వినబడుతోందా అన్నయ్యా?" అని అడిగింది.

స్పష్టంగా వినబడుతోందని చెప్పాను.

"అయితే చెవులు బానే ఉన్నాయన్నమాట" అని, మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుంది.

అర్జీ కింద నలభై ఒక్క సంతకాలున్నాయి. మొదటిది నాది. మీరు చదవకుండానే పెట్టారని నాకు తెలుసు గానీ, రెండోది మీదే.