పర్మిట్ లేని అప్‌గ్రేడ్

పెళ్లిచూపుల్లో పిల్ల పాడుతుందా అని మీరంతా అడిగే ఉంటారు. నేనూ అదే అడిగాను. మామగారు పాల్వంచ పవర్‌హౌస్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టు ఆపరేటరన్న సంగతి పట్టించుకోలేదు. పవర్‌హౌస్‌లోలాగే ఆ ఇంట్లో కూడా పర్మిట్ రాయనిదే మిక్సీ సైతం విప్పరని పెళ్లయ్యాక తెలిసింది.

ఇది 2005 నాటి మాట. బస్టాండ్ పక్కన మా ఇంటర్నెట్ సెంటర్. ఏడు కంప్యూటర్లు, వాటన్నిటికీ నెట్ పంచే లైనక్స్ సర్వర్ ఒకటి. ఒకసారి నేను దాన్ని బాగుచేస్తే రెండు రోజులు షాపు మూతపడింది. అప్పటినుంచి మా ఆవిడ నాగలక్ష్మి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ముట్టుకోవాలంటే ఆమె పుస్తకంలో పనేమిటో రాసి సంతకం పెట్టాలి.

తాళం ఆమెదైతే తెలివి నాది కదా. బ్రౌజర్‌లోంచే సర్వర్‌ను నడిపే అప్లికేషన్ ఒకటి కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో దొరికింది. 'దుమ్ము దులుపుట' అని పర్మిట్ తీసుకుని, దులుపుతూ దులుపుతూ దాన్ని ఎక్కించేశాను. ఇక బీరువా ముట్టే పని లేదు, సంతకాల బాధ లేదు. నెలరోజులు కౌంటర్లో టీ తాగుతూ కొత్త అల్లుడి దర్జా వెలగబెట్టాను.

ఇంటర్ ఫలితాల రోజు వచ్చింది. పదకొండింటికి రిజల్ట్స్ అంటే పదిన్నరకే షాపు నిండిపోయింది. అందరికంటే ముందు ములకలపల్లి దగ్గరి తండా నుంచి బిచ్యా, కూతురు రూప్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. పాసైతే డిగ్రీలో చేరుస్తానని, తప్పితే అడవిలో బీడీల తునికాకు కోతకేనని ముందే చెప్పాడట. ఆ పిల్ల హాల్‌టికెట్‌ను చేతిలో నలిపేస్తోంది.

సరిగ్గా అప్పుడే నా అప్లికేషన్, కొత్త వెర్షన్ వచ్చింది అప్‌గ్రేడ్ చేయాలా అని అడిగింది. అందులో రంగురంగుల గ్రాఫులున్నాయట. ఇంతమంది ముందు గ్రాఫు లేకపోతే ఏం బాగుంటుంది? అవునన్నాను. సర్వర్ పాత సెట్టింగులు తుడిచేయాలా అంది. పెళ్లయినవాణ్ణి, అవుననడం అలవాటైపోయింది.

నా పేజీ మాయమైంది. దాంతోపాటు ఏడు కంప్యూటర్లకూ నెట్ పోయింది.

లైన్ పోయినట్టుందని నలుగురికీ వినపడేలా అన్నాను. నాగలక్ష్మి మోడెం వైపు చూసింది.

"లైన్ పోతే గీ లైట్లెందుకు వెలుగుతున్నయ్? ఏం చేసినవ్?"

"నేను బీరువా ముట్టలేదు."

"ముట్టకుంటనే ముంచినవా?"

గడియారం పదీ యాభై చూపిస్తోంది. పదకొండున్నర బస్సు పోతే సాయంత్రం దాకా ఇంకోటి లేదని బిచ్యా అంటున్నాడు. రూప్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నిజంగానే సిగ్గేసింది.

నాగలక్ష్మి బీరువా తెరిచింది. సర్వర్ పక్కన నేను పాత సామాననుకున్న కంప్యూటర్ డబ్బా ఒకటుంది.

"ఒక పంపు విప్పాలంటే రెండోది నడుస్తుండాలంటడు మా నాయిన" అంటూ రెండు వైర్లు మార్చి స్విచ్ వేసింది.

ఆదివారం మధ్యాహ్నాలు నేను గురక పెడుతుంటే అసలు సర్వర్‌లో ఉన్నవన్నీ దీంట్లోకి ఎక్కించేదట. నా దొంగ అప్లికేషన్ కూడా అందులో ఉంది, దుమ్ము దులిపిన తేదీతో సహా. నెల నుంచీ ఆమెకు అంతా తెలుసు.

పదకొండుకు మూడు నిమిషాలుండగా ఏడింటికీ నెట్ వచ్చేసింది. పదకొండు కాగానే మొదట చూసిన నంబరు రూప్లిదే. ఫస్ట్ క్లాస్. బిచ్యా నమ్మక మూడుసార్లు చూపించమన్నాడు. షాపంతా చప్పట్లు కొట్టింది. నాకు ఏ హక్కూ లేకపోయినా నా ఛాతీ కూడా పొంగింది.

బస్సుకు లేస్తూ బిచ్యా నా కౌంటర్ దాటి వెళ్లి మా ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మా పిల్లకు గీ పని నేర్పిస్తవా?"

"పంపియ్" అంది నాగలక్ష్మి. "ఈయన గూడ రేపే చేరుతుండు. ఇద్దరికి కలిపే చెప్తా."