కంప్యూటర్‌లో ఆషాఢం లేదు

మనిషి బతికున్నాడా లేదా అన్న ప్రశ్నకు ఇన్ని యుగాలుగా నికరమైన సమాధానం లేదు. పాతపట్నంలోని మా బీపీ మాత్రల పరిశోధన కేంద్రానికి కంప్యూటర్ వ్యవస్థ వచ్చాక ఆ లోటు తీరింది.

వ్యవస్థను హైదరాబాద్‌లో కూర్చుని దేవేంద్ర గారు రూపొందించారు. పరిశోధనలో చేరిన రోగి నెలనెలా వచ్చి బీపీ చూపించుకుని మాత్రలు తీసుకెళ్లాలి. రాకపోతే కారణం నమోదు చేయాలి. కారణాలు మూడే: వలస, విరమణ, మరణం. మొదటి రెండింటికీ రోగి సంతకం కావాలి. మూడోదానికి అక్కర్లేదు (ఇక్కడ దేవేంద్ర గారి మానవత్వం గమనించాలి).

మా రోగి చిన్నతల్లికి వైశాఖంలో పెళ్లయింది. ఆషాఢం రాగానే ఆమదాలవలసలో కన్నవారింటికి వెళ్లింది. కొత్తకోడలు ఆ నెల అత్తవారింట ఉండకూడదని జిల్లా అంతటికీ తెలుసు, కంప్యూటర్‌కు తప్ప. (పెళ్లయిన ఏడు నేనూ పుట్టింటికే వెళ్లాను. ఆ నెల అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు గనక మా ఆయన స్టేషన్ వరకే వచ్చి, రైళ్ల వేళలు కనుక్కోవడానికి వచ్చానన్నారు. ఇద్దరం కలిసి చాలా రైళ్ల వేళలు కనుక్కున్నాం.)

చిన్నతల్లి రాని రోజున నర్సు గౌరి గారు, బస్సుకు వేళవుతోందని, సంతకం అక్కర్లేని కారణం నొక్కేశారు.

శ్రావణంలో చిన్నతల్లి వచ్చింది. తెర మీద ఆమె పేరు ఎర్రబడింది. మాత్రలు కేటాయించడం కుదరదంది కంప్యూటర్.

“ఏటమ్మా, నాను సచ్చిపోనానా?”

“కంప్యూటర్‌లోనే,” అన్నాను.

“మా అత్తకి సెప్పకండి, సంబరపడిపోద్ది. ముందా మాత్రలిచ్చీండి, తల తిరిగిపోతన్నాది.”

దేవేంద్ర గారికి ఫోన్ చేశాం. మరణం రద్దు చేయాలంటే మరణ ధ్రువపత్రం జతచేయాలన్నారు.

“ఆమె నా ఎదురుగానే ఉన్నారండీ.”

“ఎదురుగా ఉండటానికి మనకు కంప్యూటర్‌లో గడి లేదు కదమ్మా.”

చిన్నతల్లి ఫోన్ లాక్కుంది. “ఒరే బాబూ, సచ్చినోలు ఇలగ తిడతారేట్రా?”

మరణించినవారితో నేరుగా మాట్లాడే అధికారం తనకు లేదని ఆయన మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేశారు.

కమిటీ వేశారు. మృతులకు మాత్రలివ్వరాదు, బీపీ చూడటానికి మాత్రం అభ్యంతరం లేదని తేల్చారు. పరిశోధనలో పేరున్నంత కాలం బయటి మాత్రలూ వాడకూడదు (పేరు తీసేయడానికి మరణం ఒక్కటే చాలదు, విరమణ సంతకం కావాలి; మృతుల సంతకం చెల్లదు). చిన్నతల్లి నెలనెలా వస్తోంది, బీపీ చూపించుకుంటోంది, వట్టి చేతులతో వెళుతోంది.

మొన్న నివేదిక వచ్చింది. మరణానంతరం బీపీ పెరుగుతుందని మొట్టమొదట కనిపెట్టింది మా కేంద్రమేనట. ఎందుకు పెరుగుతోందో మాత్రం ఇంకా అంతుచిక్కలేదట.