బయటికి తెరుచుకునే తలుపు

మరదలు మెర్ల్ హోబర్ట్ నుంచి వచ్చి బస్సు దిగేలోగా బాత్రూమ్‌కి కొత్త కళ తెచ్చి తీరాలని, టోస్టు మీద వెన్న రాస్తూనే క్లైవ్ నిశ్చయించుకున్నాడు. ఆవిడ చూడ్డానికి వస్తోంది బావని కాదు. లాన్సెస్టన్‌లోని ఈ పాత చెక్క ఇల్లు అమ్మించి, అక్క డెస్లీనీ బావనీ తన ఫ్లాట్ పక్క ఫ్లాట్‌లో దించాలని ఆవిడ పట్టుదల. ఆ ఫ్లాట్‌కి పెరడు లేదు. క్లైవ్‌కి పెరట్లో బంగాళాదుంపల మడి ఉంది. ఉన్ని మిల్లు ఉద్యోగం మానేశాక అతని ప్రాణమంతా అందులోనే ఉంది.

"పోయినసారి బాత్రూమ్‌లో మోచెయ్యి కొట్టుకుని, ఇది గదా, శవపేటికా అంది" గుర్తు చేసింది డెస్లీ.

"ఈసారి అనదు. చూస్తూ ఉండు."

"చూస్తూ ఉండాలంటేనే భయం. తొట్టి, సింకు, కమోడ్ ఉన్నచోటే ఉండాలి. ఒక్కటి కదిపినా నీకూ మెర్ల్‌కీ తిండి పెట్టను."

క్లైవ్ మాట తప్పే మనిషి కాదు. ఏదీ కదపలేదు. గోడలకీ కిటికీకీ తెల్లరంగు వేశాడు. గోడ సగం కప్పేంత అద్దం తగిలించాడు. గది ఒక్కసారిగా రెండింతలైనట్టు అనిపించేసరికి అతనికి హుషారు పుట్టుకొచ్చింది. లోపలికి తెరుచుకుని సగం చోటు మింగేసే తలుపును ఊడదీసి, బయట నడవాలోకి తెరుచుకునేలా తిప్పి బిగించాడు. తలుపు సంగతి డెస్లీ ఏమీ అనలేదు కదా!

మధ్యాహ్నం మెర్ల్ వస్తూనే, కోటైనా విప్పకుండా బాత్రూమ్‌లో దూరింది. అక్కాబావలు నడవాలో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"ఊఁ" అని వినబడింది లోపలినుంచి. మెర్ల్ నోట ఊఁ అంటే సన్మానపత్రమే. ఆ ఆనందంలో డెస్లీ, చెల్లెలికి మంచి తువ్వాలు ఇద్దామని ఎదురుగా ఉన్న గోడ అల్మారా తెరిచింది. సరిగ్గా అప్పుడే మెర్ల్ బాత్రూమ్ తలుపు తోసింది. రెండు తలుపుల పిడులూ ఒకదానిలో ఒకటి దూరి, పెనవేసుకుని, బిగుసుకుపోయాయి.

డెస్లీ లాగింది. మెర్ల్ నెట్టింది. క్లైవ్ రెండూ చేశాడు. తలుపు అరచెయ్యి పట్టేంత సందు ఇచ్చి, ఇక కదలనంది. పిడుల మరలు విప్పుదామంటే అవి రెండు తలుపుల మధ్యా చిక్కుకున్నాయి.

"క్లైవ్! నన్ను బయటికి రానిస్తావా, లేదా?" మెర్ల్ కిటికీ వైపు తిరిగి గావుకేక పెట్టింది.

"కిటికీ ముట్టుకోకు! రంగు ఆరలేదు!" పెరట్లోకి పరుగెత్తి, బయటినుంచి అరిచాడు క్లైవ్.

"ఇక్కడే చావమంటావా?"

"కాసేపు అరవకుండా ఉండు, నీ పని చూస్తాను!"

కంచె అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటి నోలీన్ చెవిన ఈ చివరి మాట స్పష్టంగా పడింది. ఆవిడ క్లిప్పులన్నీ గడ్డిలో వదిలేసి ఫోన్ దగ్గరికి పరుగెత్తింది.

ముందు పోలీసమ్మాయి వచ్చింది. వెనకే అగ్నిమాపక దళం ఎర్రబండి వచ్చింది. బండి వెనక వీధంతా వచ్చింది.

"ఆవిణ్ని లోపల ఎందుకు బంధించారండీ?" పోలీసమ్మాయి అడిగింది.

"గది పెద్దగా కనిపించాలని" అన్నాడు క్లైవ్, కంగారులో.

పోలీసమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. అగ్నిమాపక దళంలో ఒకతను గొడ్డలి ఎత్తేసరికి క్లైవ్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "తలుపు వద్దు బాబూ! ఇవాళే పెట్టాను!" ఆ మాటతో ఉన్న అనుమానం కాస్తా రుజువైపోయింది. డెస్లీ నవ్వాపుకుంటూ జరిగింది చెప్పబట్టి సరిపోయింది గాని, లేకపోతే క్లైవ్ ఆ రాత్రి స్టేషన్‌లో పడుకునేవాడే.

చివరికి రంగుకి అతుక్కుపోయిన కిటికీని చట్రంతో సహా పెకలించి, నిచ్చెన వేసి, ఇద్దరు కుర్రాళ్లు మెర్ల్‌ని పూలబుట్టలా దించారు. ఆవిడ కోటు వెనకంతా తెల్లగా ఉంది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో దుప్పటి కప్పారు. నోలీన్ టీ తెచ్చింది. ఒక ముసలాయన వేడి స్కోన్ రొట్టెలు తెచ్చి, జామ్ తనే రాసి పెట్టాడు. మెర్ల్ తిని, తాగి, కథంతా మొదటినుంచి ఇంకోసారి చెప్పింది.

జనం వెళ్లాక క్లైవ్ తల వంచుకుని నిలబడ్డాడు. బంగాళాదుంపలతో రుణం తీరిపోయిందనే అనుకున్నాడు.

"డెస్లీ, మీరు ఫ్లాట్‌కి రావద్దు" అంది మెర్ల్.

క్లైవ్ తల ఎత్తాడు.

"అక్కడ నేను పడిపోయినా వారం దాకా ఎవరికీ తెలియదు. లిఫ్టులో పలకరిస్తే కూడా నేల చూస్తారు. ఇక్కడ ఒక్క కేక వేస్తే ఊరంతా వచ్చింది, నాకు జామ్ రాసి పెట్టింది." ముక్కు తుడుచుకుంది. "నా ఫ్లాటే అమ్మేస్తా. మీ దగ్గరికే వచ్చేస్తా. లోపల కూర్చుని అంతా చూశాలే, ఆ బాత్రూమ్ ముగ్గురికి హాయిగా సరిపోతుంది."

డెస్లీ చెల్లెల్ని కావలించుకుంది. ఆవిడ భుజం మీదుగా మొగుడి వైపు చూసి, "ఏం, మాట్లాడవేం?" అంది.

"మరీ ఎక్కువ బాగుచేశాను" అన్నాడు క్లైవ్.