మంత్రిగారు కారు మానేశారు

"రేపటి నుంచి నేను కారెక్కను. సామాన్యుడితో పాటు ఎలక్ట్రిక్ బస్సులోనే ఆఫీసుకు వస్తాను" అని రవాణా మంత్రిగారు ప్రకటించారు. ఆ క్షణంలోనే కాలుష్యం సగం తగ్గిపోయిందని పక్కనున్న అధికారి లెక్క చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రిగారి కారు డ్రైవరు కూడా కొట్టాడు గానీ, అతని గుండెల్లో రాయి పడింది.

పి.ఏ. అతని భుజం తట్టాడు. "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదయ్యా. ముక్కూమొహం తెలీనివాడు నడిపే బస్సు సారెక్కుతారా? నువ్వే నడుపు."

ఈ మాట విని డ్రైవరు భార్య పొంగిపోయింది. ఆవిడ రోజూ బట్టల ఫ్యాక్టరీకి పనికి వెళ్ళేది ఆ బస్సులోనే. "పెళ్ళయ్యాక మనిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్ళామా? ఇక రోజూ వెళ్ళొచ్చు" అంది.

తెల్లారి బస్సులో మంత్రిగారు, పి.ఏ., గన్‌మెన్ ఎక్కారు. సామాన్యులను ఎక్కించడం భద్రత దృష్ట్యా మంచిది కాదని పోలీసు అధికారి తేల్చేశాడు. స్టాపులో జనం చేతులెత్తారు. అందరికంటే ముందు, ఇస్త్రీ చీర కట్టుకుని, డ్రైవరు భార్య నిలబడి ఉంది. అతను అటు చూడకుండా హారన్ కొట్టి పోనిచ్చాడు.

మంత్రిగారు కిటికీలోంచి చెయ్యి ఊపారు. "చూశావా, కారు మానేసేసరికి జనంలో ఎంత అభిమానమో."

"అవును సార్. కొందరు బస్సు వెనక పరుగెత్తుకొస్తున్నారు కూడా" అన్నాడు పి.ఏ.

వారం తిరిగేసరికి ఆ అభిమానం మరీ ఎక్కువైంది. డ్రైవరు ఇంట్లో మాత్రం మాటలు తగ్గాయి. "ఇంకొక్కసారి ఆలస్యమైతే పన్లోకి రావద్దని సూపర్‌వైజర్ చెప్పేశాడు. మీ బస్సు నా పొట్ట కొట్టేట్టుంది" అని భార్య ఏడ్చింది. అతనికి సిగ్గేసింది. ధైర్యం చేసి మంత్రిగారి ముందు చేతులు కట్టుకుని సంగతి చెప్పాడు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "నా బస్సు వల్ల ఒక ఆడకూతురికి కష్టమా? నా కారు ఊరికే పడి ఉంది కదా, ఆవిణ్ణి రోజూ అందులో దింపండి." దాన్ని నడపడానికి కొత్త డ్రైవర్ని కూడా వేశారు. ఇంత మనసున్న నాయకుడు ఇంకెక్కడుంటాడనుకుంటూ మన డ్రైవరు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ఆ కారు బస్సును దాటి ముందుకెళ్ళింది. వెనక సీట్లో డ్రైవరు భార్య ఒక్కతే దర్జాగా కూర్చుని ఉంది. మంత్రిగారు ముఖం చిట్లించారు. లోపల కూర్చోవడమే గానీ, తన కారును బయటినుంచి ఆయన ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

"ఒక్క మనిషికి అంత కారా? నేనింత త్యాగం చేస్తుంటే వీళ్ళకి సిగ్గుండక్కర్లేదూ? చౌరస్తాలో ఆపించండి. బండి లాగేసుకోమనండి."

"సార్, అది..." అన్నాడు డ్రైవరు.

పి.ఏ. కారు నంబరు గుర్తుపట్టాడు. సారును సవరించడం తన డ్యూటీలో లేదు గనక ఫోను తీశాడు.

చౌరస్తాలో పోలీసు ఆ కారును ఆపాడు. డ్రైవరు భార్య దిగి రోడ్డు పక్కన నిలబడింది. బస్సు ఖాళీ సీట్లతో ఆవిడ పక్కనుంచే సాగిపోయింది.

మంత్రిగారి మనసు తేలికపడింది. సీట్లో వెనక్కి వాలి, ఆప్యాయంగా అడిగారు.

"ఏమయ్యా డ్రైవరూ, మీ ఆవిడ ఇవాళైనా టైముకి పన్లోకి వెళ్ళిందా?"